అటకెక్కించిన టేబుల్‌ను తీసేసిన రోజు: ఒక డేటాబేస్ కేస్ స్టడీ

ఈ కేసు బెంగళూరులోని ఒక మధ్యస్థాయి కంపెనీది. కంపెనీ ఎవరిదో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. టేబుళ్లకు నేనే పేర్లు పెట్టాను. జరిగిన క్రమాన్ని మాత్రం మార్చలేదు. డేటాబేస్‌లో ఒక టేబుల్‌ను, అంటే డేటాను వరుసలుగా దాచిన పట్టికను, తీసేయడం ఒక్క వాక్యం పని. ఆ వాక్యం రాసే ముందు మేము ఏమేం ఆలోచించామో, ఎక్కడ సరిగ్గా ఆలోచించలేదో రాసిపెడితే ఇంకొకరికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

నేపథ్యం

తెల్లవారకముందే పాలు, పెరుగు, కూరగాయలు ఇంటి గుమ్మంలో పెట్టే వ్యాపారం అది. రాత్రి పదకొండింటికి ఆర్డర్లు ఆగిపోతాయి. ఆ తర్వాత ఏ వీధికి ఏ సరుకు వెళ్ళాలో రూట్ షీట్లు తయారవుతాయి. నాలుగింటికి బండ్లు బయల్దేరతాయి. ఈ సమయాలు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతాయి.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్, వెర్షన్ 13. రాతలన్నీ జరిగే ప్రైమరీ సర్వర్ ఒకటి, రిపోర్టుల కోసం దాని నకలుగా నడిచే రెప్లికా ఒకటి. మొత్తం సైజు 1.4 టెరాబైట్లు. నాలుగు వందలకు పైగా టేబుళ్లు ఉన్నాయి, అప్లికేషన్ కోడ్‌లో పేరు కనిపించేవి వాటిలో సగం కూడా లేవు. మిగతావన్నీ ఏళ్ల తరబడి పేరుకున్నవే: చివర్లో "ఓల్డ్" అని ఒకటి, "బ్యాకప్" అని ఒకటి, ఎవరో ఇంజనీర్ పొట్టి పేరు తగిలించినవి కొన్ని. ఆ ఇంజనీర్లలో చాలామంది ఉద్యోగాలు మారి వెళ్ళిపోయారు.

వాళ్ళు నన్ను పిలిచింది వెర్షన్ అప్‌గ్రేడ్ కోసం. డిస్క్ 86 శాతం నిండింది, రాత్రి తీసే డంప్ (డేటా మొత్తాన్ని ఫైల్లోకి రాసుకునే బ్యాకప్) తెల్లవారేదాకా నడుస్తోంది. అప్‌గ్రేడ్‌కు ముందు ఇల్లు ఊడ్చాలి అన్నారు. అక్కడ నాతో పనిచేసింది ఇద్దరు. ఒకరు అనంతపురం నుంచి వచ్చిన కుర్రాడు, ఉద్యోగంలో రెండో ఏడాది, నన్ను అక్కా అంటాడు. రెండోవారు పదేళ్లు ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్ మీద పనిచేసి ఈ కంపెనీకి వచ్చిన సీనియర్.

డిలీటా, ట్రంకేటా, డ్రాపా

మొదటి ప్రశ్న ఇదే వచ్చింది. డిలీట్ వరుసలను తీస్తుంది, ట్రంకేట్ టేబుల్‌ను ఉంచి లోపలిదంతా ఒకేసారి ఖాళీ చేస్తుంది, డ్రాప్ టేబుల్‌నే తీసేస్తుంది. డిలీట్ చేస్తే వరుసలు పోతాయి కానీ డిస్క్ ఖాళీ అవదు. చచ్చిన వరుసలు ఫైల్లోనే ఉంటాయి. వాటిని శుభ్రం చేసే వాక్యూమ్ నడిచాక ఆ చోటు అదే టేబుల్‌కు మళ్ళీ పనికొస్తుంది తప్ప, సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి రాదు. కాబట్టి డిలీట్ మా పనికి రాదు.

ట్రంకేట్ మాట సీనియర్ ఎత్తారు. "డేటా తీసేద్దాం, టేబుల్ ఉండనిద్దాం. ఎవరైనా వాడుతుంటే కనీసం ఎర్రర్ రాదు కదా" అన్నారు. వినడానికి బాగానే ఉంది. నేను వద్దన్నది సరిగ్గా ఆ కారణానికే. టేబుల్ ఉండి లోపల ఏమీ లేకపోతే, దాన్ని చదివే రిపోర్టు సున్నా చూపిస్తుంది. చూసినవాళ్ళు ఆ నెల రిఫండ్లు సున్నా అనుకుంటారు. టేబుల్ లేకపోతే రిపోర్టు ఆగిపోతుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. డబ్బు లెక్కలున్న చోట తప్పు జవాబు కంటే ఫోన్ రావడమే నయం. అందుకని డ్రాప్ అని నిర్ణయించాం.

డ్రాప్ అంటే శాశ్వతంగా పారేయడం అని కూడా అనుకోలేదు. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఖాతా పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. ఆర్డర్లు, బిల్లులు, రిఫండ్లకు సంబంధించిన ప్రతి టేబుల్‌నూ విడిగా డంప్ తీసి, వేరే సర్వర్ మీద రీస్టోర్ చేసి, వరుసల సంఖ్య సరిపోయిందని చూశాకే జాబితాలో చేర్చాం. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. కస్టమర్ల ఫోన్ నంబర్లు ఊరికే కాపీ చేసి దాచిన టేబుళ్లు కూడా కొన్ని కనిపించాయి. అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని ఉంచుకోకూడదన్నది 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం చెప్పే మాట. కాబట్టి వాటికి ఆర్కైవ్ తీయలేదు.

ఏది పనికిరాని టేబుల్?

పోస్ట్‌గ్రెస్ ప్రతి టేబుల్‌కూ ఒక లెక్క రాసుకుంటుంది. ఎన్నిసార్లు మొత్తం చదివారు, ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) ద్వారా ఎన్నిసార్లు చదివారు, ఎన్ని వరుసలు చేర్చారు, మార్చారు, తీశారు. చదివిన లెక్క సున్నా ఉన్న టేబుళ్లు పట్టుకురమ్మని కుర్రాడికి చెప్పాను. గంట తర్వాత వచ్చాడు.

"అక్కా, లిస్టు ఖాళీగా వస్తోంది. పనికిరానిది ఒక్కటీ లేదంట."

అలా ఉండడానికి వీల్లేదు. రెండు రోజులు ఒకే సమయానికి ఆ లెక్కలు రాసుకుని పోల్చమన్నాను. పోలిస్తే బయటపడింది, వందకు పైగా టేబుళ్లకు ఆ అంకె రోజుకు సరిగ్గా ఒకటి చొప్పున పెరుగుతోంది. రాత్రి డంప్ ప్రతి టేబుల్‌నూ ఒకసారి మొత్తం చదువుతుంది, ఆ చదవడం కూడా లెక్కలోకి ఎక్కుతుంది. అందువల్ల ఎవరూ ముట్టని టేబుల్ కూడా వాడకంలో ఉన్నట్టే కనిపిస్తుంది. రోజుకు ఒకటి మాత్రమే పెరిగి, కొత్త వరుసలేవీ చేరని టేబుళ్లను వేరు చేశాం. 64 తేలాయి.

అప్పుడు నేను రెండు ప్రశ్నలు అడిగాను. ఈ లెక్కలు ఎప్పటి నుంచి ఉన్నాయి? సర్వర్ క్రాష్ అయి లేస్తే ఈ అంకెలు మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి. చూస్తే లెక్కల వయసు 40 రోజులే. ఏడాదికోసారి నడిచే పని ఏదైనా ఉంటే ఇందులో కనిపించదు. రెండో ప్రశ్న, "రెప్లికాలో చూశావా?" చూడలేదన్నాడు. రెప్లికా లెక్కలు రెప్లికావే, అక్కడ జరిగిన చదువులు ప్రైమరీకి తెలియవు. ఫైనాన్స్ వాళ్ళ నెలాఖరు రిపోర్టులన్నీ అక్కడే నడుస్తాయి. చూస్తే ఏడు టేబుళ్లు అక్కడ వాడకంలో ఉన్నాయి. వాటిని జాబితా నుంచి తీసేశాం. 57 మిగిలాయి.

వెర్షన్ 16 నుంచి టేబుల్‌ను చివరిసారి ఎప్పుడు చదివారో తేదీ కూడా ఉంటుంది. మాకు అప్పటికి ఆ సౌకర్యం లేదు. ఉన్నా డంప్ చదివిన తేదీనే చూపించేది కాబట్టి ఈ పని తప్పేది కాదు.

అటక

లెక్కల మీదే ఆధారపడి 57 టేబుళ్లు తీసేయడానికి నాకు ధైర్యం చాలలేదు. మన ఇళ్ళలో వాడని సామాను నేరుగా పారేయం, అటక మీద పెడతాం. ఏడాది దాకా ఎవరూ అడగకపోతే అప్పుడు చూస్తాం. అదే చేశాం. డేటాబేస్‌లో "అటక" అని ఒక స్కీమా (టేబుళ్లను విడిగా పెట్టుకునే అర లాంటిది) పెట్టి 57 టేబుళ్లనూ అందులోకి మార్చాం. స్కీమా మారాక పాత పేరుతో వచ్చే క్వెరీకి టేబుల్ దొరకదు, ఎర్రర్ వస్తుంది. డేటా మాత్రం క్షేమంగా ఉంటుంది. ఎవరైనా కేకేస్తే ఒక్క వాక్యంతో కిందికి దింపొచ్చు.

ఎన్నాళ్లు ఉంచాలన్న దాని మీద చర్చ జరిగింది. రెండు వారాలు చాలన్నారు మేనేజర్. నేను ఒక నెలాఖరు, ఆ తర్వాత 11వ తేదీ, 20వ తేదీ దాటాలన్నాను. నెలవారీ రిటర్నులు వేసేవాళ్ళకు జీఎస్టీఆర్-1 గడువు 11, 3బి గడువు 20. ఫైనాన్స్ వాళ్ళు పాత టేబుల్‌ను వెతికే రోజులేవైనా ఉంటే అవే. ఒప్పుకున్నారు. అటక మీద ఉంచిన 40 రోజుల్లో రెండే ఫోన్లు వచ్చాయి, రెండు టేబుళ్లు దింపాం. మిగిలిన 55 గురించి ఎవరూ అడగలేదు.

ఈ నిశ్శబ్దాన్ని నేను ఎక్కువగా నమ్మాను. ఎందుకు నమ్మకూడదో ఇక్కడే చెబుతాను. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వ్యూ (టేబుళ్ల మీద రాసి దాచుకున్న క్వెరీ) తన కింది టేబుల్‌ను పేరుతో గుర్తుపెట్టుకోదు, లోపలి నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. ఒక టేబుల్ వరుసను ఇంకో టేబుల్ వరుసకు కట్టే ఫారిన్ కీ అంతే. కాలమ్ డిఫాల్ట్‌లో (మనం విలువ ఇవ్వనప్పుడు దానంతట అదే పడే విలువలో) వాడిన సీక్వెన్స్, అంటే వరుసగా నంబర్లు ఇచ్చే లెక్కింపు యంత్రం కూడా అంతే. టేబుల్ పేరు మార్చినా, స్కీమా మార్చినా ఈ బంధాలు తెగవు. అంటే అటక పరీక్ష పేరుతో వెతుక్కునేవాళ్ళను మాత్రమే బయటపెడుతుంది. లోపలి నంబరుతో పట్టుకుని ఉన్నవాళ్ళకు టేబుల్ కదిలిన సంగతే తెలియదు. ఇది నాకు తెలియని విషయం కాదు. ఆ సమయంలో గుర్తుకు తెచ్చుకోలేదు.

రాత్రి ఒంటిగంట

మొదటి డ్రాప్ రాత్రి ఒంటిగంటకు పెట్టుకున్నాం. కస్టమర్లు నిద్రపోయే వేళ అని సీనియర్ ఎంచిన సమయం, నేనూ సరేనన్నాను.

జాబితాలో మొదటిది పాత ఫిర్యాదుల టేబుల్. డ్రాప్ కొట్టాక ప్రాంప్ట్ తిరిగి రాలేదు. అర నిమిషంలో రూట్ షీట్లు తయారుచేసే ప్రోగ్రామ్ ఆగింది. ఆ తర్వాత కస్టమర్ లాగిన్లు ఆగాయి. అటక మీది టేబుల్‌కూ లాగిన్‌కూ ఏం సంబంధం?

సంబంధం ఫారిన్ కీ. ఫిర్యాదుల టేబుల్ నుంచి కస్టమర్ల టేబుల్‌కు ఒక ఫారిన్ కీ ఉంది. దాన్ని డ్రాప్ చేస్తే ఆ ఫారిన్ కీ కోసం కస్టమర్ల టేబుల్ మీద పెట్టిన లోపలి ట్రిగ్గర్లు (వరుస మారినప్పుడు తమంతట తామే నడిచే తనిఖీలు) కూడా పోవాలి. అందుకు కస్టమర్ల టేబుల్ మీద కూడా అన్నిటికంటే కఠినమైన లాక్, అంటే ఇంకెవరూ ఆ టేబుల్‌ను చదవకుండా కూడా ఆపే తాళం కావాలి. ఆ సమయంలో రాత్రి డంప్ నడుస్తోంది, అది కస్టమర్ల టేబుల్ మీద చదివే లాక్ పట్టుకుని ఉంది, పూర్తయ్యేదాకా వదలదు. అటక స్కీమాను డంప్ నుంచి మేమే మినహాయించాం కాబట్టి ఫిర్యాదుల టేబుల్ లాక్ వెంటనే దొరికింది, కస్టమర్ల దగ్గర డ్రాప్ ఆగిపోయింది. పోస్ట్‌గ్రెస్‌లో లాక్‌కు క్యూ ఉంటుంది. కఠినమైన లాక్ అడిగినవాడు వరుసలో నిలబడితే, వాడి వెనక వచ్చిన మామూలు చదువులు కూడా ఆగాల్సిందే. ముందున్న డంప్‌తో వాటికి ఏ గొడవా లేకపోయినా ఆగాలి.

డ్రాప్‌ను రద్దు చేశాం. నాలుగు నిమిషాల్లో అంతా మామూలైంది, టేబుల్ అలాగే ఉంది. రూట్ షీట్లు కొంచెం ఆలస్యమయ్యాయి కానీ బండ్లు సమయానికే కదిలాయి.

ఆ రాత్రి రెండు మార్పులు చేసుకున్నాం. మొదటిది, ప్రతి డ్రాప్‌కు ముందు లాక్ టైమౌట్ రెండు సెకన్లు పెట్టడం. రెండు సెకన్లలో లాక్ దొరక్కపోతే డ్రాప్ తనంతట తనే తప్పుకుంటుంది, కాసేపాగి మా స్క్రిప్ట్ మళ్ళీ అడుగుతుంది. రెండోది సమయం. ఈ వ్యాపారానికి రాత్రే పగలు. వారం రోజుల గ్రాఫ్ తీసి చూస్తే ట్రాఫిక్ అతి తక్కువగా ఉండేది మధ్యాహ్నం రెండు, మూడు మధ్య. అప్పుడు డంప్ కూడా నడవదు. రాత్రి అంటే ఖాళీ అని అలవాటుగా అనుకున్నాం తప్ప ఆ గ్రాఫ్ ముందే ఎవరమూ చూడలేదు.

మధ్యాహ్నం రెండున్నర

రెండోసారి స్క్రిప్ట్ బాగా నడిచింది. ఒక్కో టేబుల్ ఒక్కో ట్రాన్సాక్షన్ (అయితే మొత్తం అయ్యే, లేకపోతే ఏమీ కాని పని), రెండు సెకన్ల టైమౌట్, ఎక్కడా కాస్కేడ్ (ఆధారపడినవాటిని కూడా కలిపి తీసేయమనే మాట) లేదు. 55లో 47 పోయాయి. ఎనిమిది మాత్రం పోలేదు. "దీని మీద ఆధారపడినవి ఉన్నాయి కాబట్టి తీసేయలేను" అని డేటాబేస్ ఒక్కోదానికి విడివిడిగా జవాబిచ్చింది. కాస్కేడ్ రాయకపోతే పోస్ట్‌గ్రెస్ పద్ధతి అదే. దాని పేరు రెస్ట్రిక్ట్, మనం రాయకపోయినా అదే అమలవుతుంది.

నాకు అప్పటికే ఇంకో క్లయింట్ దగ్గరికి వెళ్ళాల్సిన టైమైంది. "మిగిలిన ఎనిమిది చూసి ముగించండి" అని టీమ్ చాట్‌లో రాసి బయల్దేరాను. ఈ కేసులో నా తప్పు ఆ వాక్యం. చూడటం అంటే ఏమిటో, ఏది కనిపిస్తే ఆగాలో రాయలేదు.

సిల్క్ బోర్డు జంక్షన్‌లో క్యాబ్ ఆగి ఉండగా సీనియర్ ఫోన్. "మేడమ్, ఆర్డర్లు పడటం లేదు."

ఏం జరిగిందో ముక్కలుగా తెలిసింది. తీయనన్న ప్రతి టేబుల్‌కూ ఎర్రర్ కింద పోస్ట్‌గ్రెస్ ఒక సూచన కూడా ఇస్తుంది, ఆధారపడినవి కూడా పోవాలంటే కాస్కేడ్ వాడండి అని. సీనియర్ ఆ సూచన ప్రకారం "ఆర్డర్స్ ఓల్డ్" టేబుల్‌ను కాస్కేడ్‌తో డ్రాప్ చేశారు. ఆయన్ను తప్పుపట్టే ముందు ఆయన ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. ఒరాకిల్‌లో డ్రాప్‌తో రాసేది కాస్కేడ్ కన్‌స్ట్రెయింట్స్, దానితో పోయేవి ఆ టేబుల్‌ను చూసే ఫారిన్ కీలే. పైగా 10జీ వెర్షన్ నుంచి అక్కడ రీసైకిల్ బిన్ ఉంది, డ్రాప్ చేసిన టేబుల్‌ను ఫ్లాష్‌బ్యాక్ అనే ఆదేశంతో వెనక్కి తెచ్చుకోవచ్చు. పదేళ్లు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు కాస్కేడ్ అంత భయపెట్టే మాట కాదు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో డ్రాప్ పక్కన కాస్కేడ్ అని రాసినా ఏమీ జరగదు, కానీ అక్కడ డ్రాప్‌తోనే కమిట్ అయిపోతుంది (మార్పు ఖాయమైపోతుంది), రోల్‌బ్యాక్ (చేసినదాన్ని వెనక్కి తిప్పడం) ఉండదు. ఒకే మాట ఒక్కో డేటాబేస్‌లో ఒక్కో బరువు మోస్తుంది. ఇది నేను మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాల్సిన విషయం.

పోయినవి రెండు. ఒకటి, ఫైనాన్స్ వాళ్ళ ఒక వ్యూ. రెండోది ఆర్డర్స్ టేబుల్ ఐడీ కాలమ్‌కు ఉన్న డిఫాల్ట్. గొడవంతా రెండోదానితోనే.

కొన్నేళ్ల క్రితం ఆర్డర్స్ టేబుల్ బాగా పెరిగితే, ఎవరో దాని పేరును ఆర్డర్స్ ఓల్డ్‌గా మార్చి, "పాతదాని లాంటిదే, అన్నిటితో సహా" అని కొత్త ఆర్డర్స్ టేబుల్ చేశారు. క్రియేట్ టేబుల్‌లో లైక్, ఇంక్లూడింగ్ ఆల్ అని ఉంటుంది కదా, అది. ఇలా చేస్తే డిఫాల్ట్‌లు కూడా కాపీ అవుతాయి. ఐడీ కాలమ్ డిఫాల్ట్ అంటే, ఫలానా సీక్వెన్స్ నుంచి తర్వాతి నంబరు తెచ్చుకో అన్న మాట. ఆ మాట కాపీ అయింది, సీక్వెన్స్ మాత్రం కొత్తది పుట్టలేదు. కొత్త టేబుల్ కూడా పాత టేబుల్ సీక్వెన్స్ నుంచే నంబర్లు తెచ్చుకుంటూ వచ్చింది. ఆ సీక్వెన్స్‌కు యజమాని పాత టేబుల్. యజమాని అటకెక్కితే సీక్వెన్స్ కూడా వెంట వెళ్ళింది. లోపలి నంబరుతో పట్టుకుని ఉంది కాబట్టి ఏ ఎర్రరూ రాలేదు. 40 రోజులు, ఊళ్ళో ప్రతి పాల ప్యాకెట్ ఆర్డరుకూ నంబరు అటక మీది బిందెలోంచే వచ్చింది, మాకెవరికీ తెలియలేదు.

కాస్కేడ్‌తో టేబుల్ పోయింది, దానితో సీక్వెన్స్ పోయింది, సీక్వెన్స్ మీద ఆధారపడిన డిఫాల్ట్ పోయింది. ఖాళీగా ఉండకూడదన్న నాట్ నల్ నిబంధన మాత్రం ఉంది. కాబట్టి ప్రతి కొత్త ఆర్డరూ "ఐడీ ఖాళీగా ఉంది" అని తిరస్కరణకు గురైంది.

సరిచేసిన తీరు

క్యాబ్ దిగి, పక్కనున్న టీ కొట్టు బెంచీ మీద లాప్‌టాప్ తెరిచాను. అప్పటికి మేనేజర్ కూడా లైన్లోకి వచ్చారు. "రెప్లికాలో పాతది ఉంటుంది కదా, అక్కడి నుంచి తెచ్చేయండి" అన్నారు. ఉండదు. ప్రైమరీలో డ్రాప్ అయింది రెప్లికాలో కూడా వెంటనే డ్రాప్ అవుతుంది. రెప్లికా సర్వర్ చెడిపోతే ఆదుకుంటుంది, మన చేయి తప్పితే ఆదుకోదు.

సీనియర్ పాయింట్ ఇన్ టైమ్ రికవరీ అన్నారు, అంటే బేస్ బ్యాకప్ మీద మార్పులన్నీ రాసుకున్న లాగ్ ఫైళ్లు నడిపించి డ్రాప్‌కు ముందు క్షణానికి వెళ్ళడం. అది చేయగలం. 1.4 టెరాబైట్లకు గంటలు పడుతుంది, పైగా ఆ క్షణం తర్వాత ప్రైమరీలో జరిగినవన్నీ వదులుకోవాలి. నేను అడిగింది ఒక్కటే, మనం నిజంగా పోగొట్టుకున్నది ఏమిటి? ఆర్డర్ల డేటా ఒక్క వరుస కూడా పోలేదు. పాత టేబుల్‌కు ఆర్కైవ్ ఉంది. పోయింది ఒక లెక్కింపు యంత్రం, దాన్ని టేబుల్‌కు కట్టిన తాడు. కొత్తది చేసి కట్టుకుంటే చాలు. టెన్షన్‌లో అందరికీ ముందు పెద్ద మందే గుర్తొస్తుంది కాబట్టి, పోయినదేమిటో పైకి చెప్పుకోవడం మంచిది.

కొత్త సీక్వెన్స్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఆర్డర్స్‌లో ఉన్న అతి పెద్ద ఐడీ ఇండెక్స్ ద్వారా వెంటనే దొరికింది. దాని తర్వాతి నంబరు నుంచి మొదలుపెట్టొచ్చు. నేను పదివేలు ముందుకు జరిపాను. సీక్వెన్స్ నంబర్లు రోల్‌బ్యాక్ అవవు. ఒకసారి ఇచ్చిన నంబరు ఆర్డర్ పడకపోయినా ఖర్చైపోయినట్టే, అది ఏ లాగ్‌లోనో, ఏ మెసేజ్‌లోనో చేరి ఉండొచ్చు. ఒకే నంబరు ఇద్దరికి చేరే అవకాశం కంటే మధ్యలో పదివేల ఖాళీ మేలు. బిల్లు నంబర్లు వేరే వరుసలో నడుస్తాయి కాబట్టి ఈ ఖాళీతో పన్ను లెక్కలకు ఇబ్బంది లేదని ఫైనాన్స్‌ను అడిగి నిర్ధారించుకున్నాను.

సీక్వెన్స్ చేశాం, డిఫాల్ట్ పెట్టాం, యాజమాన్యం ఈసారి కొత్త ఆర్డర్స్ టేబుల్‌కే ఇచ్చాం. అయినా ఆర్డర్లు పడలేదు! ఎర్రర్ మారింది, సీక్వెన్స్ వాడటానికి అప్లికేషన్ యూజర్‌కు అనుమతి లేదంది. కొత్తగా పుట్టిన సీక్వెన్స్‌కు పాతదాని అనుమతులు రావు. ఆ అనుమతి (గ్రాంట్) ఇవ్వగానే మొదటి ఆర్డర్ పడింది. డ్రాప్ నుంచి అక్కడిదాకా 19 నిమిషాలు. ఆర్డర్ వరుస పడ్డాకే పేమెంట్ పేజీ తెరుచుకుంటుంది కాబట్టి ఎవరి డబ్బూ మధ్యలో ఇరుక్కోలేదు.

వ్యూ సంగతి తేలిక. డ్రాప్‌లు మొదలుపెట్టే ముందు కుర్రాడు డేటా లేకుండా నిర్మాణం మాత్రమే డంప్ తీసి పెట్టాడు. నేను చెప్పకుండానే తీశాడు. వ్యూ నిర్వచనం అందులో ఉంది. పాత టేబుల్‌ను ఆర్కైవ్ నుంచి తెచ్చి దాని మీద మళ్ళీ కట్టాం. ఫైనాన్స్ వాళ్ళు ఆ వ్యూను మార్చి ముగింపు లెక్కలకు మాత్రమే తెరుస్తారట. మా 40 రోజుల్లో మార్చి లేదు.

మిగిలిన ఏడు

ఏడు టేబుళ్లకు పద్ధతి మార్చాం. బ్యాకప్‌ను వేరే సర్వర్ మీద రీస్టోర్ చేశాం. అక్కడ ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, కాస్కేడ్‌తోనే డ్రాప్ చేసి, దీనితో పాటు ఏమేం పోయాయో డేటాబేస్ చెప్పే జాబితా చదివి, రోల్‌బ్యాక్ చేశాం. పోస్ట్‌గ్రెస్‌లో డ్రాప్ కూడా ట్రాన్సాక్షన్ లోపలే ఉంటుంది, రోల్‌బ్యాక్ చేస్తే ఏమీ జరగనట్టే. ఇదే పరీక్ష ప్రైమరీ మీద చేయొచ్చు కదా అని కుర్రాడు అడిగాడు. చేయకూడదు. రోల్‌బ్యాక్ కొట్టేదాకా ఆ లాక్‌లన్నీ పట్టుకునే ఉంటాం, మనం జాబితా చదివే రెండు నిమిషాలూ లాగిన్లు ఆగుతాయి. కాపీ మీద చేస్తే ఆ బాధ లేదు, పైగా బ్యాకప్ రీస్టోర్ అవుతుందో లేదో కూడా తేలుతుంది.

ఆ జాబితా చేతిలో పెట్టుకుని ఒక్కో బంధాన్నీ ప్రైమరీలో విడిగా విప్పాం. అటక మీది సీక్వెన్స్‌ను నంబర్లు తీసుకుంటున్న టేబుల్ స్కీమాలోకి తెచ్చి, యాజమాన్యం ఆ టేబుల్‌కు రాశాం. టేబుల్, సీక్వెన్స్ ఒకే స్కీమాలో, ఒకే యూజర్ కింద లేకపోతే అది కుదరదు. అందుకోసం ముందు పాత యాజమాన్యాన్ని తొలగించాలి. ఇలాంటి సీక్వెన్స్ ఇంకొకటి దొరికింది, రిఫండ్ల టేబుల్‌ది. బయటి నుంచి చూసే ఫారిన్ కీలను ముందుగా, విడిగా, టైమౌట్ పెట్టి తీశాం. వ్యూలను వాటి సొంతదారులను అడిగి మార్చాం లేదా తీశాం. చివరికి, రిఫండ్ల పాత టేబుల్ ఒక్కటి తప్ప, మిగిలిన ప్రతి టేబుల్‌నూ మామూలు డ్రాప్‌తో, కాస్కేడ్ లేకుండా అడిగాం. ఈసారి డేటాబేస్ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పకపోవడమే మాకు కావలసిన సాక్ష్యం.

ఒక్క చోట మాత్రం ఈ సాక్ష్యం సరిపోదు. పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ (డేటాబేస్ లోపలే నడిచే ప్రోగ్రాములు రాసే భాష) ఫంక్షన్ల లోపల రాసిన టేబుల్ పేర్లను పోస్ట్‌గ్రెస్ ఆధారాలుగా లెక్కపెట్టదు. ఫంక్షన్ బాడీ దానికి ఉత్త అక్షరాలే, నడిచినప్పుడే టేబుల్ లేదని తెలుస్తుంది. కాబట్టి అన్ని ఫంక్షన్ల బాడీల్లోనూ 57 పేర్లూ వెతికాం. నాలుగు ఫంక్షన్లు దొరికాయి. మూడింటిని పిలిచేవాళ్ళు లేరు. నాలుగోది రిఫండ్ల పాత టేబుల్‌ను వాడుతుంది, అందుకే ఆ టేబుల్‌ను డ్రాప్ చేయకుండా ఉంచాం.

ఇప్పటి పద్ధతి

ప్రొడక్షన్‌లో అటక బయట ఉన్న టేబుల్‌ను డ్రాప్ చేయబోతే ఆపేసే ఈవెంట్ ట్రిగ్గర్ ఒకటి పెట్టాం. తొందరలో వేరే టేబుల్ పేరు కొట్టేస్తే అది కాపాడుతుంది. మా కేసులో జరిగినదాన్ని మాత్రం ఆపదు, ఆర్డర్స్ ఓల్డ్ అటక మీదే ఉంది కాబట్టి. దానికి ట్రిగ్గర్ రాయాలని కూర్చున్నాం కానీ నమ్మకంగా పనిచేసేది రాయలేకపోయాం. చివరికి మనుషుల మధ్య నియమమే పెట్టుకున్నాం. డ్రాప్ స్క్రిప్ట్‌లో కాస్కేడ్ కనిపిస్తే దాన్ని సరిచూసే రెండో మనిషి ఆమోదించరు. ఎర్రర్ వస్తే దాని వివరం మొత్తం చాట్‌లో అతికించి, ఒక్కో పంక్తికి ఎదురుగా "ఇది ఎవరిది, పోతే ఏమవుతుంది" అని రాయాలి. రాయలేకపోతే ఆ రోజుకు ఆ టేబుల్ ఉంటుంది. సీనియర్ ఈ నియమాన్ని తనే రాశారు, నా వాక్యం కంటే చాలా స్పష్టంగా రాశారు.

కొత్త టేబుళ్లలో ఐడీలకు డిఫాల్ట్‌తో సీక్వెన్స్‌ను కట్టే సీరియల్ బదులు, సీక్వెన్స్ కాలమ్‌లో భాగంగానే ఉండే ఐడెంటిటీ కాలమ్ వాడుతున్నారు. లైక్, ఇంక్లూడింగ్ ఆల్ అని కాపీ చేసినా కొత్త టేబుల్‌కు సొంత సీక్వెన్స్ పుడుతుంది, అటక మీది బిందె కథ మళ్ళీ రాదు. రాత్రి డంప్ ఇప్పుడు నాలుగింటి లోపే ముగుస్తోంది, బండ్లు కదిలే వేళకు డిస్క్ మీద ఆ భారం ఉండదు. అప్‌గ్రేడ్ తర్వాతి నెలలో జరిగింది, చెప్పుకోదగ్గ సమస్యేమీ రాలేదు.

అటకలో ఇంకా ఒక టేబుల్ ఉంది. రిఫండ్ల పాతదే. దాన్ని వాడే ఆ నాలుగో ఫంక్షన్‌ను వార్షిక రిటర్న్ వేసేటప్పుడు చేత్తో నడుపుతామని ఫైనాన్స్‌లో ఒకావిడ చెప్పారు. డిసెంబర్ 31 గడువు దాటాక తీసేయమన్నారు. కుర్రాడు జనవరి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం రెండున్నరకు క్యాలెండర్‌లో గుర్తుపెట్టాడు.